దారప్పోగుకు పుట్టిన పిల్లలు

వేముల,
జనవరి 9.

ఆసియాకు,

సీసా పగలకుండా చేరిందా? పాత చీరపేలికలో చుట్టి, ఊక పోసిన డబ్బాలో పెట్టి పంపించాను. పాల వ్యాను నడిపే మహేంద్ర పులివెందుల దాకా తీసుకుపోయి జమ్మలమడుగు బస్సులో డ్రైవరు వెనక సీటు కింద పెట్టించాడు. ఫోటో తీసి పంపుదామంటే అంతా మసక. ఫోను చేసి చెబుదామంటే మా మామ ఇంట్లోనే ఉంటాడు. చేపల గుంత మాట ఎత్తితే చాలు, ముఖం పక్కకు తిప్పుకుంటాడు. అందుకే ఈ ఉత్తరం. హాస్టల్లో మూడేళ్ళు నా చేతిరాతను కోడిగీతలని ఎక్కిరించావు కదా, ఇప్పుడు చచ్చినట్టు చదువుకో.

సంగతేంటంటే, చేపలకు ఏదో పట్టుకుంది. మేత వేస్తే మునుపటిలా పైకి రావడం లేదు. ఒంటిని గట్టుకేసి రుద్దుకుంటున్నాయి. ఒకదాన్ని పట్టి చూస్తే రెక్క మొదట్లో తెల్లగా దారప్పోగు వేలాడుతోంది. లాగితే రాదు. గట్టిగా లాగితే సగానికి తెగింది, ఆ చోట రక్తం కమ్మింది. ఇంకోదాన్ని పట్టాను, దానికి నాలుగు పోగులు. సీసాలో వేసింది ఆ తెగిన ముక్కనే.

మా మామ సంగతి నీకు తెలుసు. వాళ్ళ తాత నాటి నుంచి వస్తున్న గొర్రెల మంద ఆయనది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇంక కొండలెంట తిరగకూడదని డాక్టరు చెప్పాడు. మా ఆయన దూరదేశంలో పనిలో ఉన్నాడు, కాపరి దొరకలేదు. నేను పోరగా పోరగా మంద అమ్మాడు. చీనీతోటకు నీళ్ళ కోసం తవ్విన గుంతలో చేపలు పెంచుదామన్నదీ నేనే. ఆయన ఒక్కటే అన్నాడు: "ఉగాది దాకా చూస్తా మ్మా. అప్పటికి నీ గుంత నిలబడల్యా అంటే పూడ్పిచ్చి, మళ్ళా గొర్రెలు తోలుకొస్తా. కాళ్ళు పోతే పోనీ." ఆ కాళ్ళతో ఈసారి కొండెక్కితే దిగడు. నాకు తెలుసు, అత్తకూ తెలుసు. ఆయనకూ తెలుసు.

ఇది ఏం పురుగో చెప్పు. ఏం మందు వేయాలో చెప్పు.

నీ
భువనేశ్వరి

జమ్మలమడుగు,
జనవరి 13.

భువనా,

సీసా చేరింది. ఊక నా బల్ల నిండా చేరింది. మా కాలేజీ ల్యాబు ఊడ్చే ఆమె నన్ను తిట్టింది. నీ రాత ఇంకా కోడిగీతలే.

ముక్క చూశాను. నాకొక అనుమానం ఉంది కానీ చెప్పను. కోపం తెచ్చుకోవద్దు, ఎందుకు చెప్పనో చెబుతాను. సముద్రం ఒడ్డున నాలుగేళ్ళు నేను ఎండ్రకాయల పిల్లల మీదే పని చేశాను కదా. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే. పెద్దయినాక ఉండే రూపాన్ని నమ్మకూడదు. సముద్రపు ఎండ్రకాయ పిల్లను నువ్వు చూస్తే ఎండ్రకాయ అనవు. గుండుసూది తలంత ఉంటుంది. నెత్తిన ఒక ముల్లు, ముక్కుకు ఒక ముల్లు, ఇంతింత కళ్ళు, వెనక ఒక తోక. వెనకటికి పండితులే దాన్ని వేరే జంతువనుకుని వేరే పేరు పెట్టారు. అది పెరిగి ఇంకో రూపానికి మారితే దానికీ ఇంకో పేరు పెట్టారు. చివరికి ఒకాయన గుడ్లున్న తల్లి ఎండ్రకాయను నీళ్ళలో ఉంచి, ఆ గుడ్ల నుంచి ఏమొస్తుందో కూర్చుని చూశాడు. అప్పుడు తెలిసింది, ఈ ముళ్ళ పిల్ల ఆ తల్లి బిడ్డేనని. ఓడ అడుగున అంటుకునే గుల్లలున్నాయి చూడు, వాటిని నత్తల జాతి అనుకున్నారు శానా కాలం. వాటి పిల్లలను చూశాక కదా అవి రొయ్యలకూ ఎండ్రకాయలకూ చుట్టాలని బయటపడింది. ఎవరు ఎవరి జాతో పెద్దవాళ్ళు దాచేస్తారు, బిడ్డలు చెప్పేస్తారు.

కాబట్టి నాకు తెగిన ముక్క వద్దు. ప్రాణమున్న పోగు కావాలి. దాని తోక చివర రెండు సన్నని సంచులు వేలాడుతున్నాయేమో చూడు, అవి గుడ్లు. అట్లాంటి పోగున్న చేపను బతికుండగానే నీళ్ళ క్యానులో పంపు. గుడ్లు పగిలి ఏమొస్తుందో చూసి అప్పుడు చెబుతాను. అంతదాకా గుంతలో ఏమీ పోయొద్దు. మామను కూడా పోయనీయొద్దు.

మా అమ్మ అడిగింది, "భువన వచ్చిందంట గదా, యాడుంది?" అని. వచ్చింది నువ్వు కాదు, నీ చేప ముక్క అని చెప్పాను.

ఆసియా

వేముల,
జనవరి 17.

ఆసియా,

చేపను పంపిస్తున్నాను. నువ్వు చెప్పినట్టే రెండు సంచులున్నాయి, ఆకుపచ్చగా. క్యాను మూతకు చిల్లులు పెట్టాను. దారిలో చస్తే నా తప్పు కాదు, ఆ బస్సు అట్లాంటిది.

నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. ఒక మాట చెప్పనా? ఎండ్రకాయల గురించి నాకు పాఠాలు చెప్పొద్దు. వంకలో రాళ్ళు ఎత్తి ఎండ్రకాయలు పట్టి పెరిగినదాన్ని నేను. తల్లి ఎండ్రకాయ పొట్ట కింది రేకు ఎత్తితే లోపల పిల్లలు కుప్పగా ఉంటాయి. కాళ్ళు, కొండీలు అన్నీ ఉంటాయి, తల్లికి మల్లేనే. ముల్లూ లేదు, తోకా లేదు. నీ సముద్రం ఒడ్డు పండితులు నిన్ను ఆడించారేమో చూసుకో.

ఇంకో సంగతి. రాయకూడదనే అనుకున్నాను. నీ ఉత్తరం రాకముందే మామ మందు వేసేశాడు. ఏం మందో తెలుసా? గొర్రెలకు తాగించే నట్టల మందు! మంద అమ్మినా ఆ డబ్బా అటక మీద అట్లే ఉంది. నేను గుంత దగ్గరికి పోయేసరికి తవుడు ముద్దలు చేస్తున్నాడు. ఏంది మామా ఇది అంటే, "గొర్రె అయితే నోరు తెరిచి పోస్తాం. దీని నోరు యాడ తెరిచేది? అందుకే ముద్దలో కలుపుతాండా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "కడుపులో నట్టలుంటేనే ఒంటి మీద పోగులు కనపడతాయి. ముప్పై ఏండ్లు చూసినా నేను" అని ఇంకో మాట. చేపలు ఆ ముద్దలు తిన్నాయి. ఏమీ కాలేదు. పోగులూ పోలేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆయన తనంతట తాను గుంత దగ్గరికి రావడం అదే మొదలు. అందుకే తిట్టలేకపోయాను.

భువన

ప్రొద్దుటూరు,
జనవరి 24.

భువనా,

నీ చేప బతికే వచ్చింది. ఆదివారం కాలేజీ ఉండదని సంచులున్న పోగును జాగ్రత్తగా విడదీసి గాజుగిన్నెలో మా ఇంటికే తెచ్చుకున్నాను. వంటింటి కిటికీలో పెడితే అమ్మ కేకలు. "వంటింట్లో పురుగులా! నీళ్ళనుకుని పులుసులో పోస్తే నన్ను అడగొద్దు" అంది. అందుకని కాలేజీకి తిరిగి తీసుకుపోయాను. మొన్న పొద్దున గుడ్లు పగిలాయి.

భువనా, అది పురుగు కాదు. నట్టలకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. బయటికొచ్చిన పిల్ల బొట్టంత, ఒంటికన్నుది, మూడు జతల కాళ్ళతో కుదుపు కుదుపుగా ఈదుతోంది. రొయ్యల జాతిలో, ఓడ గుల్లల్లో, ఎన్నింటిలోనో తొలి పిల్ల అచ్చం ఇట్లాగే ఉంటుంది. ఈ పిల్ల కొన్నాళ్ళు నీళ్ళలో ఈది, చర్మాలు మార్చి, చేపను వెతుక్కుంటుంది. చేప ఒంట్లో తల గుచ్చుకున్నాక కాళ్ళూ కన్నూ పనికిరాక దారప్పోగు అయిపోతుంది. తల లంగరులా లోపల పడుతుంది కాబట్టే నువ్వు లాగితే తెగింది. దాన్ని చూసి ఎవరన్నా పురుగే అంటారు. మామను తప్పుపట్టొద్దు. కానీ ఇది రొయ్యకూ ఎండ్రకాయకూ చుట్టం. నట్టల మందు దీన్ని ఏమీ చేయదు.

నీ వంక ఎండ్రకాయల సంగతి. నువ్వు చూసింది నిజం, నేను చూసిందీ నిజం. మంచినీళ్ళ ఎండ్రకాయ ఆ ముళ్ళ వేషాలన్నీ గుడ్డులోనే ముగించుకుని, ఎండ్రకాయ అయ్యాకే బయటికొస్తుంది. వంకలో వరదొస్తే ఈదే పిల్లలు కొట్టుకుపోతాయి కదా. ఇట్లాగే వెనకటికి ఇద్దరు పెద్ద పండితులు పోట్లాడుకున్నారు, ఒకరు చూసింది ఒక రకం, ఇంకొకరు చూసింది ఇంకో రకం. మనం కూడా వాళ్ళంత పెద్దవాళ్ళమయ్యాం, సంతోషించు.

ఈ చుట్టరికం మాట అమ్మకు కూడా చెప్పాను. ఆమె ఎండ్రకాయ ముట్టదు, రొయ్యలంటే ప్రాణం. పిల్లలుగా ఉన్నప్పుడు ఆ రెండూ ఒకటేనమ్మా అంటే, "వాటి చుట్టరికం వాటిది, నా తిండి నాది. పో" అంది.

ఇప్పుడు మందు. చేపల పేనుకు వాడే మందు ప్రొద్దుటూరులో దొరికింది. ఈ జాతికి అదే పనిచేస్తుంది. ఈ ఉత్తరంతో పాటే పంపిస్తున్నాను. ఎంత వేయాలో చీటీ మీద ఉంది. పొద్దున్నే వేయండి, అంతకంటే ఒక్క చుక్క ఎక్కువ వేయొద్దు.

ఆసియా

వేముల,
జనవరి 27.

ఆసియా,

జరిగింది వరసగా రాస్తాను.

నీ డబ్బా నిన్న సందెకు చేరింది. ఉత్తరం పైపైన చదివి, మందు ఎంత వేయాలో మామకు చెప్పాను. ఆయనకు పట్టరాని ఉత్సాహం. "మందంటే ఇది. వాసన చూడు, గొర్రెలకు పట్టే గోమార్ల మందుకు మల్లే ఉండాది" అన్నాడు. పొద్దున తెల్లవారకముందే లేచి బకెట్టులో నీళ్ళు పట్టి, మందు కలిపి, మోకాళ్ళు పట్టుకుంటూ గట్టెక్కాడు. నేను పొయ్యి అంటించి, నీ ఉత్తరం మళ్ళీ తీశాను. నీ ఎండ్రకాయల పోట్లాట ఇంకోసారి చదువుదామని. అప్పుడు కనపడింది. రొయ్యకూ ఎండ్రకాయకూ చుట్టం. ఈ జాతికి అదే పనిచేస్తుంది.

పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తాను. దారిలో చెప్పు తెగింది. ఆయన బకెట్టు వంచుతున్నాడు. "మామా వద్దు, మామా!" అని అరిచి చెయ్యి పట్టుకుంటే ఇద్దరం గట్టు మీద పడ్డాం. మందు మట్టిలో పోయింది. "ఏందిమ్మా, పిచ్చి పట్టిందా నీకు?" అని మామ. నీకు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పరీక్షల డ్యూటీలో ఉన్నావని సాయంత్రం తెలిసింది.

ఆసియా, గుంతలో రొయ్యలున్నాయి.

నువ్వు వద్దన్నావు. మొదటి ఏడు చేపలే వెయ్యి, రొయ్యలు సున్నితం, నీవల్ల కాదు అన్నావు. నావల్ల కాదన్నావని మొండితనం పుట్టింది. చేపపిల్లలు తెచ్చిన రోజే మహేంద్రను బతిమాలి నీలకంఠ రొయ్యల పిల్లలు కూడా తెచ్చి వదిలాను. ఉగాదికి అవి చేతికొస్తే అప్పుడు నీకూ మామకూ ఒకేసారి చూపించి ఇద్దరి నోళ్ళూ మూయిద్దామనుకున్నాను. ఇప్పుడు జానెడు పొడవున్నాయి. మీసాలు, నీలం కొండీలు, చూస్తే కళ్ళు తిప్పుకోలేవు. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే అన్నీ తేలిపోయేవి.

గట్టు మీద కూర్చుని మామకు అంతా చెప్పాను. ఆయన నీళ్ళకేసి చూసి, "దొంగను చంపే మందు దొంగ మేనమామ బిడ్డలను గూడా చంపుతాదంటావు" అన్నాడు. అవునన్నాను. "అయితే ఏం జేచ్చాం?" అన్నాడు.

ఏం చేద్దాం, చెప్పవే. తిట్టాలనుకుంటే తర్వాత తిట్టు.

భువన

జమ్మలమడుగు,
జనవరి 29.

భువనేశ్వరీ,

తర్వాత కాదు, ముందే తిడతాను. నీకు బుద్ధి లేదు. నీ గుంతలో ఏముందో నాకు చెప్పకుండా నన్ను మందు అడిగావు. నా చేత్తో, నా చీటీతో నీ రొయ్యలన్నీ చచ్చేవి. ఆ పాపం నాకు అంటగట్టేదానివి. నిన్న అన్నం తినలేదు. అమ్మ అడిగితే తలనొప్పి అన్నాను.

తిట్టడం అయిపోయింది. పరుగెత్తినందుకు నీ కాళ్ళకు దండం. నేను అంత స్పష్టంగా రాసి కూడా రొయ్యలున్నాయా అని అడగలేదు చూడు, అది నా తెలివి.

ఇప్పుడు విను. మందు వద్దు. ఈ జాతి పిల్లకు చేప కావాలి. రొయ్య పనికిరాదు. చేప దొరక్కపోతే కొన్నాళ్ళకు తిండి లేక చస్తుంది. కాబట్టి చేపలన్నిటినీ గుంతలోంచి తీసేయాలి. రొయ్యలు అందులోనే ఉండాలి. రెండు వారాలకు తగ్గకుండా గుంతలో ఒక్క చేప కూడా ఉండకూడదు, వేలెడంత చేప కూడా. బయటికి తీసిన చేపలకు ఒక్కొక్కదానికి పోగులన్నీ పట్టకారుతో మొదట్లో పట్టి తల విరగకుండా తీయాలి. తర్వాత ఉప్పునీళ్ళు. చేపలున్న నీళ్ళు తరచూ మార్చి చేనులో పారబోయండి, గుంతలోకి మాత్రం ఒక్క చెంబు కూడా పోకూడదు.

మైలవరం జలాశయంలో చేపలు పట్టేవాళ్ళను మాట్లాడాను. పెద్ద కన్నుల వల తెస్తారు. రొయ్యలు జారిపోతాయి, చేపలు ఆగుతాయి. శుక్రవారం వస్తారు. అన్ని చేపలను ఎక్కడ ఉంచుతావో మాత్రం నాకు తెలియడం లేదు.

ఆసియా

వేముల,
ఫిబ్రవరి 16.

ఆసియా,

ఎక్కడ ఉంచామో చెబితే నమ్మవు. గొర్రెల దొడ్డిలో!

మంద అమ్మినప్పటి నుంచి మామ ఆ దొడ్డి గేటు తీయలేదు. అత్త కట్టెలు పెట్టుకుంటానన్నా ఒప్పుకోలేదు. మైలవరం వాళ్ళు వల దించి చేపలు ఎక్కడ పోయాలని అడిగితే నేను ఇంట్లో బానలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆయనే గేటు తీశాడు. నేలను మోకాలిలోతు దింపించి, చుట్టూ మట్టి కట్టించి, చీనీతోటకు కొన్న టార్పాలిన్ పరిపించి బోరునీళ్ళు వదిలించాడు. కంప గోడ మీద పాత గోనెలు కప్పి నీడ కూడా వేశాడు.

పోగులు తీయడంలో ఆయనను మించినవాళ్ళు లేరు. నేను పట్టకారుతో తిప్పలు పడుతుంటే, "జరుగు మ్మా" అని చేపను తడిగోనెలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. గొర్రె చెవికి అతుక్కుని రక్తం తాగే గోమారును తీసినట్టు ఒక మెలి తిప్పి తలతో సహా తీసేస్తున్నాడు. అత్త ఉప్పునీళ్ళ బాన దగ్గర. నేను చేపలు అందించడం, తీసుకోవడం. అత్తకు మొదట్లో అసహ్యం. మూడో రోజుకు ఆమె కూడా, "ఇదిగో ఇంగొకటి ఉండాది, కండ్లు కనపళ్ళేదా నీకు?" అని మామను గదమాయిస్తోంది. చేతులకు ఉప్పు పట్టి పగిలాయి. ఎవరూ గొణగలేదు. పెళ్ళై ఇన్నేళ్ళకు మేము ముగ్గురం ఒకచోట కూర్చుని ఒకే పని చేయడం ఇదే, తెలుసా?

ఇప్పుడు చేపల ఒంటి మీద కొత్త పోగు ఒక్కటీ లేదు. కానీ దొడ్డి ఇరుకు, ఎండ ముదురుతోంది. మధ్యాహ్నమైతే నోళ్ళు పైకి పెట్టి ఆయాసపడుతున్నాయి. మొన్నటి నుంచి కొన్ని చస్తున్నాయి. మామ కర్రపట్టుకుని నీళ్ళు చిలుకుతూ దొడ్డిలోనే కూర్చుంటున్నాడు.

నిన్న కమలాపురం గొర్రెల బేరగాడు వచ్చాడు. ఉగాది దగ్గర పడుతోంది కదా, మామే ఎప్పుడో చెప్పి ఉంచాడంట. మంచి ఈత గొర్రెలున్నాయంట, ఉగాదికి ఈనేవి. నన్ను చూసి మామ గొంతు తగ్గించాడు. "ఇంగ కొన్నాళ్ళు ఆగప్పా, చెప్తా" అని పంపించాడు. వద్దనలేదు, ఆసియా. ఆగమన్నాడు అంతే.

గుంత నాలుగు మూలల నీళ్ళు నాలుగు సీసాలలో పంపిస్తున్నాను. చూసి, ఇంక చేపలు వదలొచ్చు అని ఒక్క మాట చెప్పు. ఆ మాట కోసం ప్రాణం లాగుతోంది.

భువన

జమ్మలమడుగు,
ఫిబ్రవరి 19.

భువనా,

ఫోనులో ఆగు అని పెట్టేశాను. నువ్వు నొచ్చుకుని ఉంటావు. కారణం ఇంతుంది, అందుకే రాస్తున్నాను.

నీ నాలుగు సీసాల్లోనూ పిల్లలున్నాయి. బొట్టంత, ఒంటికన్ను, మూడు జతల కాళ్ళు. దారప్పోగుకు పుట్టినవాటిని చెడిపోకుండా మందులో వేసి దాచుకున్నాను కదా, వాటి పక్కన పెట్టి చూశాను. తేడా కనపడడం లేదు.

కానీ నీళ్ళలో సైక్లాప్స్ అని ఇంకొకటి ఉంటుంది. చుక్కంత ప్రాణి, ఏ గుంతలో చూసినా ఉంటుంది, చేపలకు మంచి మేత. అది కూడా దీనికి దగ్గరి చుట్టం. దాని పిల్లా ఇట్లాగే ఉంటుంది. ఇవి ఆ మంచిదాని పిల్లలా, దారప్పోగు పిల్లలా? నాకు తెలియదు. నాలుగేళ్ళు ఇట్లాంటి పిల్లలతోనే బతికినదాన్ని, నాకు తెలియదు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. తల్లి ఎవరో తెలియని పిల్లను చూసి పేరు పెట్టకూడదని నేనే నీకు రాశాను. ఇప్పుడు ఆ మాట నా మెడకే చుట్టుకుంది.

ఒక్కటే దారి. వీటిని గిన్నెల్లో పెంచుతున్నాను, చేప లేకుండా. దారప్పోగు పిల్లలైతే కొన్ని చర్మాలు మార్చి చేప దొరకక అక్కడే ఆగి చస్తాయి. సైక్లాప్స్ పిల్లలైతే పెరిగి పెద్దవై వాటి గుడ్ల సంచులు అవే మోస్తాయి. వారం పట్టొచ్చు, పైన కూడా పట్టొచ్చు. దొడ్డిలో చేపలు చస్తున్నాయని తెలుసు. ఒకసారి నా మాట మీద మామ మందు బకెట్టు ఎత్తాడు. రెండోసారి ఊహించి చెప్పలేను, భువనా. నాకు భయంగా ఉంది.

ఆసియా

వేముల,
ఫిబ్రవరి 26.

ఆసియా,

నిన్న పదహారు చచ్చాయి. ఈ రోజు లెక్కపెట్టలేదు.

నువ్వు చెప్పింది అర్థమైంది. అర్థమైనా కోపం వస్తోంది. నువ్వు గాజుగిన్నెలో పిల్లలు పెంచుకుంటూ కూర్చున్నావు, ఇక్కడ ఒక్కొక్క చేపా వెల్లకిలా తేలుతోంది. మామ చచ్చినవాటిని గంపలో ఏరి చీనీచెట్ల మొదట్లో పూడుస్తున్నాడు. ఆయనకు అడ్డం పోయి, మిగిలినవాటిని గుంతలో వదిలేద్దామా అన్నాను. నాకు ఓర్పు పోయింది, వదిలేద్దాం పా మామా అన్నాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "అయి మంచియో చెడ్డయో ఆ పాపకే తెలీనప్పుడు మనకేం తెలుస్తాది? గొర్రెలకు గాలికుంటు రోగం వచ్చినప్పుడు తొందరపడి మేతకు తోలి సగం మందను పోగొట్టుకున్నా. ఆగు మ్మా." అని మళ్ళీ నీళ్ళు చిలకడానికి పోయాడు.

ఆయన ఆగగలుగుతున్నాడు, నేనే ఆగలేకపోతున్నాను. గుంత పోతే నాది పోతుంది. ఆయన మోకాళ్ళు పోతే నా వల్లే పోతాయి. రాత్రుళ్ళు కళ్ళు మూస్తే ఆయన కొండ మీద కూలబడినట్టు కనపడుతోంది.

అవునో కాదో చెప్పు. ఏదైనా సరే చెప్పు.

భువన

జమ్మలమడుగు,
మార్చి 2.

భువనా,

వదిలెయ్యి. ఈ సాయంత్రం చల్లబడగానే వదిలెయ్యండి.

ఫోనులో అరిచినట్టు చెప్పాను కదా, నిజం అదే. నాలుగు గిన్నెల్లోనూ పెరిగాయి. ఒక్కటి కూడా మధ్యలో ఆగలేదు. పొద్దున తలుపు తీసి మైక్రోస్కోపు కింద పెట్టేసరికి ఒకటి రెండు సంచుల గుడ్లు మోస్తూ ఈదుతోంది, దర్జాగా. తర్వాత ఇంకోటి, ఇంకోటి. అన్నీ సైక్లాప్స్. నీ గుంతలో ఉన్నది చేపల మేత, భువనా. దారప్పోగు జాడ లేదు. ఒంటరిగా ల్యాబులో నిలబడి గట్టిగా ఏడ్చేశాను. ఊడ్చే ఆమె వచ్చి ఎవరు పోయారని అడిగింది.

ముందే ఊహించి చెప్పి ఉంటే చచ్చిన చేపలు బతికేవి. ఊహ తప్పి ఉంటే అన్నీ పోయేవి. ఎటు తిరిగినా నిద్ర పట్టడం లేదు. మామకు నా మీద కోపముంటే ఆయన మాటల్లోనే రాయి, దాచొద్దు.

ఆసియా

వేముల,
మార్చి 20.

ఆసియా,

ఉగాది నిన్న అయిపోయింది. ఇన్నాళ్ళు రాయలేదని అలిగావంట, మీ అమ్మ ఫోనులో చెప్పింది. రాయడానికి ఏదో ఒకటి తేలాలి కదా. ఇప్పుడు తేలింది.

మామకు నీ మీద కోపం లేదు. మాటల్లోనే రాయమన్నావు, ఇదిగో: "ఆ పాప తెలీదు అనె సూడు, ఆడ నాకు నమ్మకం కుదిరింది."

ఆ సాయంత్రం దొడ్డి నుంచి గుంత దాకా తడిగోనెల్లో చేపలు మోశాం. చీకటి పడింది. మూడో వంతు పోయాయి, మిగిలినవి నీళ్ళు తగలగానే తోక కొట్టి మాయమయ్యాయి. వారం రోజులకు మేతకు ఎగబడ్డాయి. పట్టి చూశాం, ఒక్క పోగు లేదు. రొయ్యలు మొన్న కొన్ని తీయించాను. మీ అమ్మకు ఒక గంప వస్తుంది, ఐసు కరగకముందే బస్టాండుకు పో.

ఉగాది పొద్దున కమలాపురం బేరగాడు వ్యాను వేసుకుని వచ్చేశాడు. అందులో పన్నెండు గొర్రెలు, ఎర్రటివి, ఈతకు సిద్ధంగా ఉన్నాయి. నేను వాకిట్లో పచ్చడి కలుపుతున్నాను. అత్త లోపలికి పోయి తలుపు చాటున నిలబడింది. మామ వ్యాను ఎక్కాడు, ఆ మోకాళ్ళతోనే. ఒక్కొక్క గొర్రె నోరు తెరిచి పళ్ళు చూశాడు. వీపు మీద చెయ్యి వేసి ఒత్తి చూశాడు. పొదుగు పట్టి చూశాడు. చెవులు తిప్పి చూశాడు. ఒకదాని మెడ కింద చెయ్యి పెట్టి చాలాసేపు అట్లాగే గోకుతూ నిలబడ్డాడు. బేరగాడు, "ఏం మామా, దించమంటావా?" అన్నాడు.

"మంచి జీవాలప్పా. శానా మంచియి తెచ్చినావు" అన్నాడు మామ. మెల్లగా వ్యాను దిగాడు. చేతులు దులుపుకున్నాడు. "తీసుకపో. నాయి నీళ్ళల్లో ఉండాయి" అన్నాడు.

వ్యాను సందు తిరిగి పోయేదాకా నిలబడి, తువ్వాలతో ముఖం తుడుచుకుని, మేతబుట్ట ఎత్తుకుని గుంతకు పోయాడు. నేను పచ్చడి గిన్నె ముందు కూర్చుని ఏడ్చాను. అత్త వచ్చి నా పక్కన కూర్చుంది.

భువన